తెల్లదాని చెవులు

నాన్న హౌరాలోని షాలిమార్ రైల్వే గూడ్స్ యార్డులో ముప్పై ఏళ్లు పనిచేశారు. వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకునే చప్పుడుకి ఆయన వినికిడి చాలావరకు పోయింది. రిటైరయ్యాక యార్డు వెనకే మూడో అంతస్తులో అద్దెకు దిగాం. నేను ఉదయం సాల్ట్ లేక్ ఆఫీసుకి వెళ్తే తిరిగొచ్చేది సాయంత్రమే. అమ్మ పోయాక పగలంతా ఆయన ఒక్కరే.

అందుకే, బెంగళూరు బదిలీ అయిన మా ఆఫీసావిడ తన రెండు చించిల్లాలనూ పంజరంతో సహా ఇచ్చేస్తానంటే సరేనన్నాను. ఉడుత తోక, కుందేలు ఒళ్లు, ఎలుక చెవులు కలిపి చేసినట్టుండే జంతువులవి. చలికొండల జాతి. ఒకటి బూడిద రంగుది, ఇంకొకటి తెల్లది. వాటికి వేడి పడదనీ, ఏసీ ఆపొద్దనీ ఆవిడ మరీ మరీ చెప్పింది.

"ఎలకల్ని తెచ్చినావేటి?" అన్నారు నాన్న. వారం తిరక్కుండానే ఆయన కుర్చీ పంజరం ముందుకు చేరింది. వాటి చెవుల గురించి నేను ఫోనులో చదివాను. ఆయన చూసి నేర్చుకున్నారు. ఇంజను కూత వేస్తే రెండు చెవులూ వెనక్కి వాలతాయని, ఎండుగడ్డి తెస్తే నిక్కుతాయని నాకు చెప్పేవారు. తెల్లది ఒక చెవి గుమ్మం వైపు తిప్పిందంటే ఎవరో మెట్లెక్కుతున్నట్టే. ఇదివరకు తలుపు బాది బాది విసిగేదాన్ని. ఇప్పుడు నేను పైకి వచ్చేసరికి తలుపు తీసి నిలబడేవారు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, తెల్లదాని చెవులు ఎర్రబడుతున్నాయన్నారు. తెల్లవాటికి చెవులు గులాబీ రంగులోనే ఉంటాయని నేను చదివింది చెప్పాను.

"అది నాకూ తెల్సు. ఇది ఆ రంగు కాదు," అన్నారు.

అప్పటికే నేను ఫోనులో మునిగిపోయాను. ఏసీ చల్లదనం తగ్గిందన్నది నాకు తట్టనేలేదు. ఆ జంతువులకి చెమట పట్టదు. ఒంట్లో వేడి చెవుల్లోంచే బయటికి పోవాలి, అందుకే నెత్తురు అక్కడికి చేరి అవి ఎర్రబడతాయి. ఇదీ చదివాను. చదివింది ఆయనకి చెప్పలేదు, నేనూ గుర్తు తెచ్చుకోలేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మీటింగులో ఉండగా నాన్న వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. చెవుల్ని బాగా దగ్గరగా తీశారు. నరాలు తేలి కనిపిస్తున్నాయి. కింద "బేగి సూడు" అని రాశారు. చూశాను. సాయంత్రం మాట్లాడదాంలే అనుకుని ఫోను బోర్లా పెట్టాను. పంజరంలో చల్లటి రాతిపలక పెట్టమని రెండు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది.

ఇంటికొచ్చేసరికి ఏసీ మోగుతోంది గాని గదంతా ఉక్క. నాన్న టేబుల్ ఫ్యాను తెచ్చి పంజరానికి ఎదురుగా పెట్టారు. చెమట పట్టని జంతువుకి ఫ్యాను గాలి ఎందుకు పనికొస్తుంది? తెల్లది ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది. బూడిదరంగుది రొప్పుతోంది. దాన్ని ఏసీ టాక్సీలో డాక్టరు దగ్గరికి పట్టుకెళ్తే బతికింది.

"ఫోటో పెట్టినాను," అన్నారు నాన్న, తిరిగొస్తున్నప్పుడు.

"మీటింగులో ఉన్నాను నాన్నా. చూళ్లేదు," అన్నాను గట్టిగా, ఆయనకి వినబడేలా.

ఆయన తలూపారు.

మిగిలినదాన్ని మా ఇంట్లో ఉంచే ధైర్యం నాకు లేకపోయింది. చల్లటి కొండల్లో, కాలింపాంగ్‌లో ఉండే స్నేహితురాలు పెంచుకుంటానంది. సియాల్దా స్టేషనులో ఆమె చేతికి బోను అందించి, రైలు కదిలాక ఇద్దరం బయటికొచ్చి టీ తాగాం. ఇక ఉండబట్టలేక ఆయన చెవి దగ్గరికి వంగి, ఆ రోజు ఫోటో చూశానని చెప్పాను.

"తెల్సు. రెండు టిక్కులూ నీలంగా అయిపోనాయి కదా," అన్నారు.

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఏటి సెప్తావమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. మట్టికప్పులో అడుగున మిగిలిన టీ పారబోసి, హౌరా బస్సు వచ్చిందంటూ ఆయన ముందుకు నడిచారు.