కారులో ఆర్పని లైటు

మా ఇంట్లో ప్రార్థనకు నాకంటూ దొరికిన చోటు మా పాత కారు వెనక సీటు. మిరప కోతల రోజుల్లో గదుల నిండా గోతాలే ఉంటాయి. మంచం మీదా కాయలే. ఒక పక్క అత్తయ్య దగ్గు, ఇంకో పక్క ఫోన్లో మా ఆయన కేకలు. సాయంత్రం గిన్నెలు కడిగేసి, రేకుల షెడ్డులో ఉన్న కారెక్కి తలుపేసుకునేదాన్ని. నెత్తిమీద చిన్న లైటు వేసుకుని బైబిల్లో రెండు అధ్యాయాలు చదువుకునేదాన్ని. ఆ రోజు దేవుడు చేసిన మేళ్లను వేళ్ల మీద తలుచుకుని దిగిపోయేదాన్ని. ఆ శనివారం దిగేటప్పుడు లైటు ఆర్పలేదు.

ఆదివారం చర్చికి నడిచే వెళ్లాం. సోమవారం పొద్దున ఆయన తాళం తిప్పితే కారు టక్కుమని ఊరుకుంది. వాకిలి కడుగుతున్న నాకు ఆ టక్కు వినగానే అంతా అర్థమైంది.

"నేనేనండీ" అంటే అయిపోయేది. అనలేదు.

ఎందుకనలేదో చెప్పాలంటే ఆయన చెయ్యి సంగతి చెప్పాలి. మాట కంటే ముందు వచ్చే చెయ్యి అది. స్టార్టవని మోటారును తన్నేవారు. మొండికేసిన గేదెను కర్ర విరిగేదాకా బాదేవారు. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం గోడను తాకేది. నా ఎడమ చెవి నాలుగేళ్లుగా సరిగ్గా వినపడదు. కుడి చెవి బాగున్నందుకు రోజూ వందనాలు చెప్పుకునేదాన్ని, ఇప్పటికీ చెప్పుకుంటాను.

నేను నోరు విప్పకపోవడంతో ఆ నేరం మా మరిది మీదికి పోయింది. ఇంట్లో రెండో వాటా అతనిది, కారు రెండో తాళం కూడా అతని దగ్గరే ఉంటుంది. శనివారం మధ్యాహ్నం చిలకలూరిపేట వెళ్లొచ్చాడు.

"పాటలు పెట్టుకుని చెట్టు కింద పడుకుని ఉంటాడు వెధవ. బ్యాటరీ ఊడ్చేశాడు" అంటూ ఆయన పొలంలో పురుగుమందు కొట్టే మెషిన్ల ఛార్జరు తెచ్చి పాత బ్యాటరీకి తగిలించారు. మూతలు కూడా తీయలేదు. పొద్దున పదయినా అది లేవలేదు. మోటార్‌సైకిల్ మీద పేటకు వెళ్లి కొత్త బ్యాటరీ తెచ్చారు. ఆ కాసేపూ పాతది ఛార్జింగులోనే సన్నగా ఉడుకుతున్న చప్పుడు చేస్తూ ఉంది.

తిరిగొచ్చి బానెట్ ఎత్తేసరికి మరిది తన వాటాలోంచి పళ్లు తోముకుంటూ వచ్చాడు.

"ఏంటన్నయ్యా, కొత్తది తెచ్చావా? దీనిక్కూడా ముందే రెండు దెబ్బలు తగిలించు, బుద్ధిగా పడుంటది."

"నోర్ముయ్ రా! శనివారం బండేసుకుని ఊరేగింది నువ్వు కాదంట్రా?"

"ఊరేగానా? అమ్మకి మందులు తెచ్చా. నువ్వు తేలేదుగా!"

ఆయన పానా పట్టుకున్న చేత్తోనే కొట్టారు. మరిది పెదవి చిట్లింది. మరిది ఆయన్ను గుండెల మీద తోస్తే నడుం బానెట్ అంచుకు కొట్టుకుంది. ఇద్దరూ చొక్కాలు పట్టుకుని షెడ్డు స్తంభం చుట్టూ తిరిగారు. పక్కనే కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న కూలి ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. నేను గడపలో, అప్పుడే కడిగిన బియ్యం గిన్నెతో నిలబడ్డాను. మరిది గడ్డం మీద రక్తం నా మూలానే కారుతోంది. నాలుక చివర మాట ఉంది, అది దిగడం లేదు.

మరిది ఆయన పట్టు విడిపించుకుని ఉమ్మేసి వెనక్కి జరిగాడు. ఇక కొట్టడానికి ఆయనకు బ్యాటరీయే మిగిలింది. ఎర్ర వైరు క్లాంపు తెల్లగా పొడి పట్టి బిగుసుకుపోయింది. ముందు నల్లది విప్పాలని ఆయనకు తెలుసు. ఛార్జరు తీసేయాలనీ తెలుసు. కోపంలో రెండూ మరిచి, పొడుగు పానా ఎర్రదానికి వేసి అమ్మనాబూతులు తిడుతూ లాగారు. పానా తోక పక్కనున్న ఇనుముకు తగిలింది. నీలం మెరుపు, బ్యాటరీలో పేరుకున్న గ్యాసు అంటుకుని క్వారీలో తూటా పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైమూత ముక్కలై రేకులకు తగిలింది.

ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కింద పడ్డారు. లోపలి యాసిడ్ కళ్లలోకి, మెడ మీదికి వెళ్లింది. చొక్కా చూస్తుండగానే చిల్లులు పడింది.

కల్లంలో ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లది కేవలం ప్రేమ, ఆ సంగతి నాకు తెలుసు. "అయ్యో బాబు కళ్లు! తుడవండే, తుడవండే!" అని కూలీల ముఠా పెద్ద అరిచింది. ముగ్గురు ఒక్కసారే కొంగులతో ఆయన కళ్లు తుడిచారు.

పొద్దుటి నుంచి మిరపకాయలు ఏరిన చేతులవి, ఘాటు పట్టిన కొంగులవి. ఆ నెలల్లో మేం చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా మోచేతుల దాకా కడుక్కుంటాం. ఆ క్షణంలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆయన అరిచిన అరుపు మనిషిది కాదు. తలను నేలకేసి బాదుకోవడం మొదలుపెట్టారు.

"చనుబాలు పిండాలి! పాలిచ్చే పిల్లను పిలవండే, ఎవరైనా పొండే!" అని అత్తయ్య గుండెలు బాదుకున్నారు. మిరప ఘాటు కళ్లలో పడితే మా వైపు చేసేది అదే.

చిన్నప్పుడు నా కాలు బాగుండేది కాదు. బడికి పంపకుండా మా నాన్నే ఇంట్లో పాత పుస్తకాలతో చదువు చెప్పారు. యాసిడ్ పాఠం రోజు ఆయన అడిగారు: "మీద పడితే ఏం చేస్తావమ్మా?" "నీళ్లు పోస్తాను." "తర్వాత?" "నీళ్లు పోస్తాను." "ఆ తర్వాత?" నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. "ఆ తర్వాత కూడా నీళ్లే" అన్నారు.

గిన్నె వదిలేశాను. అడ్డం వచ్చిన అత్తయ్యను భుజం పట్టి తోశాను, ఆవిడ గోతాల మీద కూలబడ్డారు. ముఠా పెద్ద చెయ్యి విదిలించి కొట్టాను. కూలీలు తాగడానికి తెప్పించిన నీళ్ల క్యాన్లు అరుగు మీద మూడున్నాయి. ఒకటి ఎత్తుకొచ్చి ఆయన మొహం మీద వంచాను.

ఆయన గుద్దులు గుద్దారు. ఒకటి నా నోటికి తగిలి ముందు పన్ను కదిలింది. మోకాలు ఆయన రొమ్ము మీద వేసి, జుట్టు గుప్పెట పట్టి తల నేలకు అదిమాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను ఆయన మీద చెయ్యి వేసింది అదే మొదలు. "అబ్బాయ్, కాళ్లు పట్టుకో!" అని అరిచాను. పెదవి వాచిన మరిది అన్న కాళ్ల మీద కూర్చున్నాడు.

బియ్యం కడిగిన చేతులు కాబట్టి నా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజు మేళ్లలో అది మొదటిది. ఆ వేళ్లతోనే రెప్పలు విడదీసి పట్టుకున్నాను.

"చంపేస్తానే నిన్ను! వదులే!"

"చంపుదురు గానీ, ముందు కళ్లు తెరవండి."

అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. రెండో క్యాన్ దగ్గర ఆయన ఒళ్లు వదులైంది. ముఠా పెద్దను పిలిచి, చేతులు కడుక్కుని క్యాన్ వంచమన్నాను. కాళ్లు వదిలేసి మరిది కొత్త బ్యాటరీ ఎత్తాడు. పగిలిన పాతదాన్ని గుడ్డతో పట్టి తీసేసి దాని చోట పెట్టాడు.

"ముందు ఏదన్నయ్యా?"

"ఎర్రదిరా గాడిదా! ఎర్రది బిగించి తర్వాత నల్లది! నాలా చేసి చావకు!" నోట్లో నీళ్లు పోతున్నా నేల మీద నుంచే ఆయన తిట్టారు.

మరిది తాళం వేస్తే కారు మొదటి తిప్పుకే అందుకుంది. మూడో క్యాన్ ఒళ్లో పెట్టుకుని గుంటూరు దాకా వెనక సీట్లో నీళ్లు పోస్తూనే ఉన్నాను, నేను ప్రార్థన చేసుకునే చోటే. నెత్తిమీద ఆ లైటు వెలుగుతోంది. దాన్ని చూడలేక ఆర్పేశాను.

కళ్ల డాక్టరుగారు నీళ్లు పోసిందెవరని అడిగారు. కుడికన్ను ఆశ తక్కువ, ఎడమది నాలుగు రోజులాగి చెబుతానన్నారు. ఆ నాలుగు రోజులూ ఆయన కట్టుతో గోడవైపు తిరిగి పడుకున్నారు. మరిది అన్నం కలిపి పెడితే, "నీవల్లేరా ఇదంతా" అంటూనే తిన్నారు. మరిది ఇంకో ముద్ద కలిపాడు.

నాలుగో రోజు ఎడమకంటి కట్టు విప్పారు. ఆయన రెప్పలార్పుతూ తెల్లటి గోడ చూశారు, నర్సును చూశారు. నర్సు బయటికి వెళ్లగానే నేను మంచం దగ్గరికి జరిగాను.

"మీ తమ్ముడు కాదండీ. లైటు వదిలేసింది నేను. కారులో చదువుకుని ఆర్పడం మర్చిపోయాను. పొద్దున్నే చెప్పాల్సింది, భయపడ్డాను."

మరిది చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన చెయ్యి లేచింది. వణక్కుండా, గురి తప్పకుండా నేరుగా నా చెంప మీదికే వచ్చింది. ఆయనకు నేను కనపడుతున్నాను! ఒక్క క్షణం ఆ సంతోషమే నన్ను ముంచేసింది.

మరుక్షణం ఆ మణికట్టును గాల్లోనే పట్టేసుకున్నాను. ఎంత బలంతో పట్టుకోవాలో షెడ్డు నేల మీద నేర్చుకున్నాను కదా. ఆయన లాగారు. నేను వదల్లేదు.

"కనపడుతున్నానా అండీ?"

ఆ ఒక్క కన్నుతో నన్నే చూశారు. నా వాచిన మూతిని, కదులుతున్న పన్నును చూశారు.

"కనపడుతున్నావులే. చెయ్యి వదులు" అన్నారు.

ముందు ఆయన చెయ్యి దించారు. ఆ తర్వాతే నేను వదిలాను. ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ రోజు మేళ్లు తలుచుకున్నాను. ఆయన కన్ను మొదటిది. నా పట్టు రెండోది.