అత్త గొంతుకు ఎన్ని వోల్టులు

మా అత్తకు కోపం వస్తే స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతుంది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మిగిలిన అరుపు అదొక్కటే. ఆ శనివారం మధ్యాహ్నం కింద పళ్లెం ఆగకుండా మోగుతోంది. నేను మేడమీద రేకుల గదిలో చెమటలు కక్కుకుంటూ ట్రాన్స్‌ఫార్మర్‌కు వైర్లు కలుపుతున్నాను.

"అవుతందే! ఆ పల్లెం సొట్టలు పడిపోతాది, ఒగ్గీ!" అని పైనుంచే కేకేశాను.

పళ్లెం ఇంకా గట్టిగా మోగింది.

ఆవిడ నాకు మేనత్త. తర్వాత పిల్లనిచ్చి అత్త కూడా అయింది. అంటే నన్ను తిట్టడానికి ఆమెకు రెండు హక్కులున్నాయి, రెండూ ధారాళంగా వాడుకునేది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు రాగానే చేపల వేలం వేయడం ఆమె పని. ఐస్ మిల్లు రొదలో, బోటింజన్ల మోతలో, కాకుల గోలలో కూడా ఆమె కేక జెట్టీ ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేదని అందరూ చెప్పుకునేవారు. నేను మాత్రం ఆ కేకను ఎక్కువగా ఇంట్లోనే విన్నాను.

తర్వాత గొంతులో కంతి వచ్చింది. కేన్సర్ అన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు, తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. ఆసుపత్రి వాళ్లు చేతిలో పట్టుకునే టార్చిలైటులాంటి యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని మెడకు ఆనించి బొత్తాం నొక్కితే అది జుమ్మని అదురుతుంది, ఆ అదురుడును నోటితో మాటలుగా మలుచుకోవాలి. మా ఇంట్లో అందరూ దాన్ని మిషను అంటారు. ఆ మిషను మాటకు ఎత్తూ పల్లం ఉండవు. "అన్నం తిన్నావా" అన్నా, "నీ మొహం తగలెయ్య" అన్నా ఒకటే తీరు. ఆమె ఏ భావంతో అందో మొహం చూసి తెలుసుకోవాలి.

చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి బోటు ఓనరు ఫోన్ చేసి, ఆదివారం తెల్లవారుజామున తన బోట్లు వస్తున్నాయనీ, వచ్చి వేలం వేసి చూడమనీ అన్నాడు. మనిషి మంచివాడే, కానీ మొహమాటం లేనివాడు. "జనానికి ఇనబడితే నీ సోటు నీదేనమ్మా. లేదంటే ఏరేవాలకి ఇచ్చేత్తాను, ఏటీ అనుకోకు" అని ముందే చెప్పేశాడు. అత్త ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి మిషనుతో సాధన మొదలుపెట్టింది.

శుక్రవారం మిషను మూగబోయింది.

విప్పి చూస్తే లోపలి బ్యాటరీ కప్పలా ఉబ్బిపోయి, చివర్లు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. ఎన్ని వోల్టులదో రాసిన కాగితం ఆమె చేతి చెమటకు ఏనాడో చెరిగిపోయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ బ్యాటరీ బయటి నుంచి రావాలి, వచ్చే వారం చూద్దాం అన్నారు. ఎన్ని వోల్టులు అనడిగితే ఆ ఫోనెత్తిన అమ్మాయికి తెలియదు, తెలిసిన వాళ్లు సోమవారం వస్తారట. తక్కువ పెడితే పలకదు. ఎక్కువ పెడితే కాలిపోతుంది. కాలిపోతే అలాంటిది మా ఊళ్లో ఇంకొకటి దొరకదు.

ఇక ఉన్న దారి ఒకటే. దాదాపు సున్నా నుంచి మొదలుపెట్టి, నాబ్ తిప్పుతూ కొద్దికొద్దిగా వోల్టులు పెంచుకునే పవర్ సప్లై కావాలి. నేను పరవాడ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. అక్కడ అలాంటిది ఉంది గానీ గేటు దాటనివ్వరు. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ నా పిచ్చి. అలాంటి డబ్బా ఒకటి కట్టుకోవాలని చాలారోజులుగా సామాన్లు పోగేస్తూనే ఉన్నాను. అత్త వాటిని "తుక్కు" అనేది, పండగొస్తే పారబోయమనేది. ఇప్పుడు ఆ తుక్కే దిక్కయింది.

పాత ఊళ్లో రేడియో సామాన్లమ్మే భాయ్ దుకాణంలో కొన్న ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, లావుపాటి కెపాసిటర్, మూడు కాళ్ల రెగ్యులేటర్, దాన్ని ఆడించే నాబ్, వోల్టులూ కరెంటూ చూపించే చిన్న మీటరు. పెద్ద విద్యేం కాదు. కానీ మా ఊరి ఉప్పుగాలికి రాగి నల్లబడిపోతుంది, ప్రతి కాలూ బ్లేడుతో గీకి మెరిపిస్తేగానీ టంకం పట్టదు. తొందరలో రెండుసార్లు వేలు కాల్చుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది. అప్పుడు నేను విద్యుత్తు శాఖను అన్న మాటలు ఇక్కడ రాయలేను. కరెంటు వచ్చాక సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే వరకు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఈలోగా పొద్దు వాలుతోంది.

చివరగా, సప్లై నుంచి మిషనుకు వెళ్లే తీగలో ఒక గాజు ఫ్యూజు పెట్టాను. నా డ్రాయరులో ఉన్నవాటిలో అతి సన్నటిది, కరెంటు ఎక్కువైతే మిషను కన్నా ముందు అదే తెగాలని.

"బావా, అయిపోనాదా?" అంటూ మా ఆవిడ వచ్చింది. వెనకాల అత్త, చేతిలో పసుపూ కుంకుమా గిన్నె. కొత్త మిషనుకు బొట్టు పెట్టకుండా స్విచ్చి వేస్తే మా ఇంట్లో ఊరుకోరు. బండికైనా, మిక్సీకైనా, మోటారుకైనా అంతే.

"ఓలమ్మో, తడి పసుపా! లోనికి దిగిందంటే మొత్తం పోతాది. మూత మీద ఎట్టుకో, అంతే!" అన్నాను.

అత్త నన్ను మింగేసేలా చూసి, మూత మీదే పెట్టింది.

ముందు స్కూటరు ఇండికేటరు బల్బు తగిలించి చూశాను. నాబ్ తిప్పుతుంటే బల్బు ఎర్రగా మొదలై నెమ్మదిగా తెల్లబడింది. వెనక్కి తిప్పితే అలాగే ఆరింది. నా జన్మలో ఒక బల్బును అంత ప్రేమగా చూడలేదు. నాబ్ మొత్తం కిందికి దించి, మిషను రెండు తీగలూ తగిలించాను. అత్త గొంతు మీద ప్రయోగం చేసే ధైర్యం లేక మిషనును నా మెడకే ఆనించుకున్నాను.

"నువ్వు మీటరు సదువు," అన్నాను మా ఆవిడతో.

"రెండు," అంది. ఏమీ లేదు. "మూడు." ఏమీ లేదు. "నాలుగు." దోమ రొదలా సన్నగా మొదలైంది. నా చెయ్యి ఆగిపోయింది. ఇంకా పెంచాలా? ఇదే దాని హద్దేమో? అత్త గరిటె లేకుండానే బల్ల మీద వేళ్లతో కొట్టింది, పెంచమని. వెంట్రుకవాసి తిప్పాను. "అయిదు." రొద ముదిరింది. "ఆరు." జుమ్మని నిండుగా పలికింది. కరెంటు ముల్లు కుదురుగా నిలబడింది.

ఊపిరి బిగబట్టి "అత్తా" అన్నట్టు పెదాలు కదిపాను. నా నోట్లోంచి మా అత్త గొంతు వచ్చింది. అచ్చం అదే. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త నా చేతిలోంచి మిషను లాక్కుని తన మెడకు పెట్టుకుంది.

"ఇంత సేపా. ఇత్తనమేసి పంట కోసేవాడు నీకన్నా బేగి వత్తాడు," అంది.

మా ఆవిడ ఏడ్చేసింది. నేను నవ్వాను. ఇక ఆరు వోల్టులంటే మామూలు పెన్సిల్ సెల్లులు నాలుగు వరసగా పెడితే సరిపోతుంది. ఆ సంగతి చెప్పబోతున్నాను. అత్త వినడం లేదు. ఆమె అప్పటికే హార్బర్‌లో ఉంది.

"ఒంజరం, ఒంజరం, పెద్దొంజరం, రండమ్మా రండి," అంటూ వంజరం చేపల వేలం మొదలుపెట్టి, చేత్తో మా ఆవిడను కిందికి వెళ్లమని సైగ చేసింది. మా ఆవిడ వీధిలోకి దిగి నిలబడింది. అత్త టేబులు పక్కనున్న కిటికీ దగ్గరికి జరిగి మళ్లీ అంది. వీధిలో ఆటో ఒకటి పోతోంది.

"ఇనబడ్నేదమ్మా! ఏటంతన్నావ్?" అని కింది నుంచి మా ఆవిడ కేక.

అత్త మొహం మాడిపోయింది. మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు. నేను టేబులు కింద సెల్లుల డబ్బా వెతుకుతూ వంగి ఉన్నాను. ఆమె జీవితంలో నాబ్ ఉన్న పెట్టె అంటే ఒకటే, హార్బర్‌లో మైకు సెట్టు. తిప్పితే గొంతు పెరుగుతుంది. నేను తల ఎత్తేసరికి ఆమె వేళ్లు నాబ్ మీద ఉన్నాయి.

"అత్తా వద్దు!" అన్నాను. ఆమె తిప్పేసింది, ఈ చివరి నుంచి ఆ చివరికి.

మిషను ఒక్కసారి కీచుమంది. అంత పెద్ద శబ్దం దాన్లోంచి ఎప్పుడూ రాలేదు. టప్. అంతే. మీటరు మీద పదమూడు. కరెంటు సున్నా.

నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తున్నాయి. బుద్ధుందా అన్నాను. నీ మొండితనమే నిన్ను ముంచుతుందన్నాను. "ఇంక సచ్చీదాకా పల్లెం వాయించుకో!" అని కూడా అన్నాను. కింది నుంచి మా ఆవిడ పరుగున మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అత్త నోరు తెరిచింది. తిరిగి తిట్టడానికే అనుకున్నాను, ఎప్పుడూ అదే కదా. పెదాలు కదిలాయి. మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి మాత్రం బుస్సుమంది. జవాబు చెప్పలేని మనిషిని తిడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఫ్యూజు ఊడదీసి వెలుతురుకు పట్టాను. లోపలి తీగ తెగిపోయి ఉంది. అది ఎందుకు ఉందో ఆ పని చేసింది. కానీ ఫ్యూజు ముందు పోయిందా, మిషను ముందు పోయిందా? తెలుసుకోవాలంటే కొత్త ఫ్యూజు వేసి మళ్లీ తిప్పి చూడాలి. వేరే మార్గం లేదు. మా ఆవిడ వచ్చి మీటరు ముందు కూర్చుంది. కొత్త ఫ్యూజు వేసి, నాబ్ కిందికి దించాను. స్విచ్చి వేశాను. ఈసారి మిషను అత్త మెడ మీదే ఉంది, తీయడానికి ఆమె ఒప్పుకోలేదు.

రెండు. మూడు. నాలుగు.

దోమ రొద లేదు.

"తిప్పు బావా," అంది మా ఆవిడ. నాలుగున్నర. ఏమీ లేదు. కరెంటు ముల్లు ఉలకదు పలకదు. నా నుదుటి చెమట టేబులు మీద పడింది. అప్పుడు అత్త బొటనవేలు చూశాను. కంగారులో బొత్తాం పక్కన నొక్కి ఉంది. ఆ వేలు జరిపాను. రొద వచ్చింది. అయిదు. ఆరు. నిండుగా జుమ్మంది.

ఇక తిట్లే అని తల వంచుకున్నాను. పడాల్సిందే, పడతాను.

"బయమేసిందిరా," అంది అత్త.

ఆ మిషను గొంతులో భయం ఏమీ లేదు. ఎప్పటిలా చదునుగా ఉంది. అందుకే ఆమె దాన్ని మాటగా చెప్పాల్సి వచ్చింది. "రేపు నా మాట ఇనబడకపోతే ఇంటికి పొమ్మంతారు. అందుకే తిప్పేసినాను. నాకు సేనా బయంగా ఉన్నాది."

పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట నేను వినలేదు. గొంతున్న రోజుల్లో కోపమొచ్చినా, దిగులొచ్చినా ఒకటే కేక.

"నాకూ బయమేసిందత్తా," అన్నాను.

"మరి ఆ మాటే సెప్పాల. అరిత్తే నాకెలగ తెలుస్తాది?" అంది.

నాలుగు సెల్లుల డబ్బా ఒకటి మిషనుకు తగిలించి, ఆమె నడుముకు కట్టుకునేలా గుడ్డసంచి కుట్టమని మా ఆవిడకు ఇచ్చాను.

తెల్లవారకముందే ముగ్గురం హార్బర్‌కు వెళ్లాం. బోట్లు వచ్చేశాయి. ఐస్ మిల్లు రొద, కాకులు, బురద, తోపులాట. తట్ట నిండా వంజరాలు పోసి ఆమె ముందు పెట్టారు. ఓనరు చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ఆమె నా వైపు చూసింది. "నాకు బయంగా ఉందత్తా," అన్నాను, అరవకుండా. "నాకూను," అని మిషనుతో అనేసి, తట్టవైపు తిరిగి వేలం మొదలుపెట్టింది.

మొదటి వరసలో ఒకామె ఫక్కున నవ్వింది. వెనక వాళ్లకు అసలేమీ వినపడలేదు. "ఏటంతంది, ఏటంతంది?" అని అడుగుతున్నారు. అత్త గొంతు పెంచలేదు, పెంచడానికి నాబ్ లేదు. అదే మాట అదే తీరుగా మళ్లీ అంది. మళ్లీ అంది. వెనక ఎవరో "ఊరుకోండెహె, ఇననివ్వండి!" అని కసిరారు. మాటలాపి, ఒకరినొకరు నెట్టుకుంటూ, జనం తట్ట చుట్టూ దగ్గరగా జరిగారు.