కూరగాయలు దాటిన సూత్రం

ఒకప్పుడు సెంబవాంగ్‌లో మా పక్క ఫ్లాట్లో ఉన్న అంకుల్ పోయారని పోయిన నెల ఒక పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఏడుపొచ్చింది. ఆ వెంటనే, చెబితే ఏమనుకుంటారో గాని, నవ్వు కూడా వచ్చింది. ఆయన్ని తలచుకుంటే నాకు ముందుగా బీన్స్ గుర్తొస్తాయి.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. రైల్లో, హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర, ఆఫీసు లిఫ్టులో ఎక్కడ విన్నా షేర్ల మాటే. అంకుల్ ఒక బ్యాంకులో ప్రోగ్రామర్. నేను ఈ ఊళ్ళో కొత్తగా దిగిన ప్రోగ్రామర్ని. ఎవరో చెప్పిన షేరు కొనడం ఆయనకు నామోషీ. మన జల్లెడ మనమే అల్లుకుందాం అనేవారు. ఆదివారం వచ్చిందంటే వాళ్ళ హాల్లో కంప్యూటర్ ముందు చేరేవాళ్ళం. ఈ వారం ధరలోంచి నెల సగటు తీసెయ్, దాన్ని సగటుతో భాగించు, వచ్చిన అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చు. అంతే, వందల షేర్లలోంచి బాగా పెరుగుతున్నవి పైకి తేలేవి. కాలేజీలో మార్కుల కోసం మింగిన ఫంక్షన్లు కళ్ళముందు పని చేస్తుంటే ఒళ్ళు పులకరించేది. ఆయనైతే ఉత్సాహం పట్టలేక నిలబడే టైపు చేసేవారు.

ఒక ఆదివారం కొత్త సూత్రం తయారైంది. జాబితాలో పైన తేలిన షేరును సోమవారం మార్కెట్ తెరవగానే కొనాలని నా తొందర. ఫ్లాటు కోసం నేనూ మా ఆవిడా దాచుకున్నదంతా అందులో పెట్టడానికి సిద్ధమైపోయాను. అంకుల్ ఒప్పుకోలేదు.

"ముందు కూరగాయలు దాటాలబ్బాయ్. లెక్క తప్పితే కూర పోవాలిగాని ఇల్లు పోకూడదు."

అది ఆయన పద్ధతి. ఏ సూత్రమైనా మొదట ఆంటీ లిటిల్ ఇండియా బజారులో కొనుక్కొచ్చే కూరల ధరల మీద నడవాలి. జవాబు ఆవిడకు ముందే తెలుసు గనక. వంటింట్లోంచి ఆవిడ వారం వారం ధరలు చెబుతుంటే నేను కంప్యూటర్లో ఎక్కించాను. జాబితాలో అన్నిటికన్నా పైన బీన్స్ నిలిచాయి.

"బీన్స్ నెల్లాళ్ళుగా దిగుతూనే ఉన్నాయి కదండీ. పెరిగాయని మీ కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?" అన్నారు ఆంటీ.

అంకుల్ సూత్రాన్ని మళ్ళీ చదువుకుని, పకపకా నవ్వారు. కదలిక ఎంత పెద్దదో కొలుద్దామని ఆ కొత్త సూత్రానికి అంతకుముందే ఆయనే ఇంకో ఫంక్షన్ తొడిగారు. అది మైనస్ గుర్తును చెరిపేస్తుంది. పడినదీ లేచినదీ దానికి ఒకటే. దాన్ని తీసెయ్యగానే బీన్స్ అడుక్కి జారాయి. షేర్ల మీద మళ్ళీ నడిపితే నేను కొనబోయిన షేరూ అట్టడుగునే ఉంది. జాబితా చూసి మురిసిపోయామే గాని, అసలు ధర ఒకసారి చూద్దామని ఇద్దరు ప్రోగ్రామర్లకీ తోచలేదు. తప్పు తనదే అయినా అంకుల్ నిధి దొరికినంత సంబరపడి, ఆంటీని మళ్ళీ టీ అడిగారు.

దాచుకున్న ఆ డబ్బుతోనే తర్వాత పుంగ్గోల్‌లో ఫ్లాటు కొనుక్కున్నాం. ఇది రాస్తున్నది ఆ ఇంట్లోనే. మీ చలవే అంకుల్ అని ఎన్నిసార్లు చెప్పబోయినా, కొత్త సూత్రమేమైనా ఉందా అని మాట మార్చేసేవారు.

నిన్న నిజంగానే ఒకటి తయారైంది. అలవాటుగా వాళ్ళింటికి ఫోన్ చేసేశాను. ఆంటీ తీశారు. ఏం మాట్లాడాలో తెలియక, ఈ వారం బీన్స్ ధర ఎలా ఉందని అడిగాను.

"తగ్గాయి బాబూ," అన్నారు. "మైనస్ ఉంచు."