సగం మాత్ర

ఎడమ చెయ్యి బైబిలు మీద పెట్టి కుడిచేత్తో రాస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కబుర్ల సంగతి తెలిసిన మా పేటవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

సాగర్ డ్యాం కడుతున్న రోజులు. క్రోసూరు దగ్గర మా ఊళ్ళో వానలు ఎగ్గొట్టాయి. అమ్మా నాన్నా మమ్మల్ని వెంటబెట్టుకుని డ్యాం దగ్గర రాళ్ళు మోయటానికి వెళ్ళారు. నాకు తొమ్మిదేళ్ళు, చెల్లెలు రూతుకు ఆరు. కూలీల పాకల్లో కాపురం.

ఒక మధ్యాహ్నం ఎర్రటి ఎండలో నాకు చలేసింది. ఉన్న గొంగళ్ళన్నీ కప్పారు, ఆగలేదు. పక్క పాక సువార్తత్త వచ్చి నా మీద కూర్చుంది. బాగా బరువైన మనిషి. అయినా నా వణుక్కి ఆమె ఊగిపోయి, అవతలి పాకల్లో గిన్నెలు మోగాయి. చెమట పట్టి జ్వరం దిగింది. ఒకరోజు బాగుండి, ఆ మర్నాడు అదే వేళకు మళ్ళీ వచ్చింది.

క్యాంపు ఆసుపత్రిలో వేలు గుచ్చి స్లైడ్ మీద రక్తం తీసుకున్నారు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "మలేరియా. స్ప్లీన్ పెరిగింది. కోర్సు పూర్తిగా మింగాలి" అని క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి రూతు వణుకుతోంది. అమ్మ దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. రొట్టె అయినా, బెల్లం అయినా మా ఇద్దరికీ సమానంగా పంచటం ఆమె పద్ధతి. నా మాత్రల్ని కూడా కత్తిపీట మీద సగానికి సగం కోసింది. ఆ ముక్కలు రెండూ రూతు పక్కపక్కన పెట్టి చూసేది. "నీదే పెద్దది, దొంగమొహమోడా" అనేది. అంత చేదు కోసం కూడా పోట్లాడేది.

ఇద్దరికీ జ్వరం తగ్గింది. కొన్నాళ్ళకు ఇద్దరికీ తిరగబెట్టింది. ఈసారి రూతు పిలిస్తే పలకలేదు. నాన్న భుజాన వేసుకుని పరిగెత్తాడు. సంగతి విని డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"పంచుకోటానికి ఇది రొట్టె కాదమ్మా. సగం మందుకు మలేరియా చావదు, దాక్కుంటుంది."

"ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళే గదయ్యా. వాడికి పెట్టి, దాన్ని ఎట్టా చూస్తా ఊరుకోను?" అంది అమ్మ.

ఆయన మలేరియా బ్రెయిన్‌కి ఎక్కిందని నర్సుతో చెప్పి క్వినైన్ ఇంజెక్షన్ పెట్టించారు.

తెల్లారి రూతు కళ్ళు తెరిచి రొట్టె అడిగింది. నేను ఈసారి కోర్సంతా మింగి కోలుకున్నాను. మాచర్లలో రైలెక్కి ఇంటికి బయల్దేరాం. కిటికీ పక్క చోటు కోసం పోట్లాడి రూతే గెలిచింది. సత్తెనపల్లిలో దిగేసరికి దాని మొహమంతా బొగ్గుమసి.

కొన్నేళ్ళకు ఆ డ్యాం నీళ్ళు కాలవలో మా ఊరికి వచ్చాయి. ఊరంతా గట్టు మీదికి పోయి దోసిళ్ళతో తాగింది. అమ్మ రాలేదు. నేను దోసిలి పట్టాను గానీ, మింగలేక వదిలేశాను. ఇప్పుడు ఆ నీళ్ళతో పండిన వడ్లే మా ఇంట్లో తింటున్నాం. అన్నం రుచిగానే ఉంటుంది. నాకు కష్టమంతా అక్కడే.

నాకు మళ్ళీ చలిజ్వరం రాలేదు. చదివేవాళ్ళకు ఒక్క మాట: ఇంట్లో ఇద్దరికి జ్వరమొస్తే ఇద్దర్నీ తీసుకెళ్ళండి. ఎవరి స్లైడ్ వాళ్ళది, ఎవరి మాత్రలు వాళ్ళవి. జ్వరం తగ్గినా చివరి మాత్ర దాకా మింగండి.

బైబిలు మీద చెయ్యి తియ్యకముందే ఒకటి ఒప్పుకోవాలి. సువార్తత్త ఊగిందీ, గిన్నెలు మోగిందీ నిజం. రూతు కళ్ళు తెరిచింది మాత్రం నా కల్పన. దాన్ని డ్యాం దగ్గర కొండవాలులోనే పూడ్చి వచ్చాం. మాచర్లలో రైలెక్కింది ముగ్గురమే.

కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. "కూర్చోరా" అంది అమ్మ. సత్తెనపల్లి దాకా నేను నిలబడే వచ్చాను.