వెళ్తాననని శేషగిరిగారు

శేషగిరిగారికి 'వెళ్తాను' అనడం రాదు. ఎవరింట్లోంచి లేచినా 'వస్తాను' అంటారు. ఇందులో వింతేముంది, మనమందరం అనేదేగా అంటారేమో. ఆయన ఆ మాటని ఇంగ్లీషులోనూ అంటారండీ! 'ఓకే, ఐ విల్ కమ్' అనేసి గుమ్మం దిగిపోతారు. అవతలి అమెరికన్ పాపం, తలుపు తీసిపెట్టుకుని అలాగే నిలబడతాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అన్నందుకు ఈయన నిజంగానే మళ్ళీ వస్తారు.

డాలస్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో ఒక పెద్ద కంపెనీ మేనేజరు 'మీ పెట్టెలు మాకొద్దు' అని మొహంమీదే చెప్పాడు. 'ఓకే, ఐ విల్ కమ్' అన్నారు. మర్నాడు వెళ్ళారు. ఆ వారమంతా వెళ్ళారు. చివరికి ఆ మేనేజరు 'మీరు రాకుండా ఉండాలంటే నేనెన్ని పెట్టెలు కొనాలి?' అని అడిగాడట. శేషగిరిగారు కోటీశ్వరులైన విధం ఇది.

ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం ఆయన్ని ఒక బుల్లి ద్వీపదేశానికి రాయబారిగా పంపింది. మొదటి మధ్యాహ్న విందు ముగిశాక అధ్యక్షుడి భార్యతో అలవాటుకొద్దీ అదే మాట అని, ఇంటికొచ్చి లుంగీ కట్టుకున్నారు. గంట తర్వాత అధ్యక్షభవనం నుంచి ఫోను.

"సర్, మీరు వస్తానన్నారట. బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. అధ్యక్షులవారు కుర్చీలోంచి లేవలేదు."

"శుభమా అని భోంచేసి పోతానని ఎలా అంటానయ్యా!" అని విసుక్కుని, లుంగీ విప్పి సూటేసుకుని మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ పుడ్డింగు తిన్నారు. పదకొండేళ్ళుగా ఎటూ తేలని చేపలవేట తగువు ఆ రెండో పుడ్డింగు దగ్గర తేలిపోయింది.

పదవి అయిపోయాక డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోకి తిరిగొచ్చి, అరవై తొమ్మిదో ఏట టెక్సస్ సెనేట్‌కి నిలబడ్డారు. ప్రచారం బాధ్యత జాహ్నవి నెత్తిన పడింది. స్నేహితుడి కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల. లక్షణమైన లాయరు ఉద్యోగం మానేసి మరీ వచ్చింది. ఈ ఎలక్షన్ పోతే 'మేం చెప్పామా లేదా' అనడానికి అమ్మా నాన్నా సిద్ధంగా ఉన్నారు.

"అంకుల్, మనకి తొమ్మిది వేల డోర్స్ ఉన్నై. నువ్వు వెళ్ళిన డోర్‌కే మళ్ళీ వెళ్తున్నావ్!"

"వస్తానని చెప్పానమ్మా."

"ఎందుకు చెప్పావ్? జస్ట్ బై చెప్పు!"

"ఛ ఛ! బై ఏమిటి, తెగతెంపులు చేసుకున్నట్టు!"

అన్నిటికంటే జాహ్నవికి ఒళ్ళు మండించిన ఇల్లు డ్వేన్‌ది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దాయన. ఇంటిముందు గడ్డిలో అవతలి కాండిడేట్ బోర్డు పాతుకున్నాడు. మొదటిరోజే "నా ఓటు నీకు లేదు, దయచెయ్" అన్నాడు. "ఓకే, ఐ విల్ కమ్" అన్నారు ఈయన. "ఎందుకూ?" అని అరిచాడు డ్వేన్. జాహ్నవి తన ఫోన్‌లో ఆ ఇంటికి ఎర్రగీత కొట్టేసింది. ఈయన మాత్రం తొమ్మిదిసార్లు వెళ్ళారు.

ఎన్నికల రోజొచ్చింది. సర్వేల్లో ఇద్దరూ ఢీ అంటే ఢీ. సాయంత్రం ఏడింటిదాకా పోలింగ్ బూత్ దగ్గర్నుంచి కదలొద్దని జాహ్నవి వందసార్లు చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే మనిషి లేరు. వెంటనే ఫోన్ చేసింది.

"కంటి ఆసుపత్రిలో ఉన్నానమ్మా" అన్నారు తాపీగా.

కారు ఉరికించుకుని వెళ్ళింది. శేషగిరిగారు డ్వేన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని వెయిటింగ్ రూములో కూర్చున్నారు.

"డ్వేన్‌కి కేటరాక్ట్ ఆపరేషన్. ఇంటికి తీసుకెళ్ళే మనిషి కూడా ఉంటేనే చేస్తారట. ఎవరూ లేక ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేసుకున్నాడు. వస్తానన్నాను."

"అంకుల్! అతను మనకి ఓటే వెయ్యడు!"

"తెలుసు. ముందస్తు ఓటింగులో పోయినవారమే వేసేశాడు, వాళ్ళవాడికి. నాకు చెప్పే వేశాడు."

"తెలిసి కూడా వచ్చావా?"

"వస్తాననడానికీ ఓటుకీ సంబంధమేమిటమ్మా?"

ఇన్నాళ్ళూ జాహ్నవి అదేదో నోటి జాడ్యం అనుకుంది. ఈయన మళ్ళీ మళ్ళీ వెళ్ళిన ఇళ్ళన్నీ ఒక్క మనిషే ఉండే ఇళ్ళని అప్పుడు తట్టింది. అందులో సగం ఇళ్ళకి తను ఎర్రగీతలు కొట్టింది. సిగ్గేసింది. ఆయన ఒళ్ళోంచి టోపీ లాక్కుంది.

"నువ్వు పోలింగ్‌కి వెళ్ళు అంకుల్. నేనుంటా. నేనే డ్రైవ్ చేసి ఇంటికి తీసుకెళ్తా, ప్రామిస్."

సాయంత్రం డ్వేన్ తన సోఫాలో ఒక కంటికి కట్టుతో కూర్చుని రెండో కంటితో టీవీ చూశాడు. జాహ్నవి కాలు నిలవక గదంతా తిరిగింది. ఎనిమిదిన్నరకి తేలింది. రెండువందల ఆరు ఓట్ల తేడాతో శేషగిరిగారు గెలిచారు. జాహ్నవి కెవ్వున కేకపెట్టి డ్వేన్‌ని కావలించుకుంది.

"ఓడిపోయింది నా మనిషి! నన్ను కావలించుకుంటావేం?" అని గసిరాడు డ్వేన్. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మీ సెనేటరుకి ఫోన్ చెయ్. రేప్పొద్దున డాక్టరు ఈ కట్టు విప్పుతాడు. ఎనిమిదింటికల్లా కారు నా గుమ్మంలో ఉండాలని చెప్పు. గెలిచాను కదా అని ఆలస్యం చేస్తే ఊరుకోను."