దుప్పట్ల గదిలో సోమవారం

మా అమ్మాయి పుస్తకం రాసింది, అది అచ్చయింది, అట్ట మీద దాని పేరుంది. ఈ మాట ముందు చెప్పకుండా నేను ఇంకేమీ చెప్పలేను, మన్నించండి. రెండో మాట చెప్పడానికి నోరు రావడం లేదు. పుస్తకం ఇంటికొచ్చిన నాలుగో రోజున, అమ్మాయి చదివిన హాస్టలు స్కూల్లో మేట్రనుగా చేసిన అమ్మగారు యలమంచిలిలో కన్నుమూశారు. మొదటి ప్రతి ఆవిడ చేతిలోనే పెట్టాలని అనుకున్నాం. "మొదటి సోమవారం తీసుకెళ్దాం నాన్నా, అప్పుడే బాగుంటుంది," అంది అమ్మాయి. ఆవిడ శుక్రవారమే వెళ్ళిపోయారు.

సోమవారమే ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నర్సీపట్నం దగ్గర జీడిపిక్కలు కాల్చే బట్టీలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. జీడి సొన పట్టిన చేతులు తెల్లబడవు. బూడిదతో రుద్దినా, నూనె రాసినా గోళ్ళ చుట్టూ నలుపు అలాగే ఉంటుంది. లేకలేక పుట్టిన పిల్ల మాది. పరీక్ష రాసి, కొండ మీద ఉన్న ఆ పెద్ద స్కూల్లో ఫీజు లేని సీటు తెచ్చుకుంది. అక్కడ చదివేవాళ్ళంతా గొప్పింటి పిల్లలు. నెలకొకసారి, మొదటి ఆదివారం, తల్లిదండ్రులు వచ్చి చూడొచ్చు. మా ఇంటిదానికి బస్సెక్కితే వాంతులు. అందుకని మొదటి ఆదివారం నేనొక్కణ్ణే రెండు బస్సులు మారి, మలుపులన్నీ ఎక్కి, సంచీలో జీడిపప్పు పట్టుకుని వెళ్ళాను.

అమ్మాయి గేటు దగ్గరికి వచ్చింది. దానితో ఇంకో ముగ్గురు పిల్లలు. ఆ స్కూల్లో భోజనాల హాలులో కిటికీ పక్కన ఒక బల్ల ఉండేదట. అక్కడ కూర్చునే పిల్లలదే మాట, మిగతావాళ్ళది వినడం. ఈ ముగ్గురూ ఆ బల్లవాళ్ళు. అందులో పొడుగాటి పిల్ల నన్ను చూసి మా అమ్మాయిని అడిగింది.

"ఎవరే, మీ ఫ్యాక్టరీ మనిషా?"

ఫ్యాక్టరీ అన్న మాట చెవిన పడగానే నాకు అంతా అర్థమైంది, నాన్నకి ఫ్యాక్టరీ ఉందని చెప్పుకుంది పిల్ల. అమ్మాయి నా చేతుల వంక చూసింది. నేనూ చూసుకున్నాను.

"అమ్మాయిగారూ, నాన్నగారు పప్పు పంపినారండి," అన్నాను. "ఫ్యాక్టరీలో పని తగిలీసింది, రానేకపోనారు."

సంచీ అందించి వెనక్కి తిరిగాను. పది అడుగులు వేశానో లేదో వెనక తాళాల గుత్తి చప్పుడైంది. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. "అన్నయ్యగారూ, టీ తాగి ఎల్దురు గాని, ఇలా రండి," అన్నారు. అంత పెద్ద స్కూల్లో నన్ను గారు అన్నవాళ్ళు లేరు. వెనక వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. స్టీలు గ్లాసుతో టీ ఇచ్చి, ఎదురుగా తనూ కూర్చున్నారు.

"కన్న కూతుర్ని అమ్మాయిగారూ అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?"

గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. "మీకెలా తెలిసిందమ్మగారూ?"

"సెవులు. మీ సెవులే దానికీని. దాచుకుందామంటే ఎక్కడ దాస్తారు?"

"పిల్లనేటీ అనకండమ్మగారూ. అబద్ధం అది ఆడనేదు, నేనాడినాను."

అప్పుడు ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "జీడిపిక్క పండు లోపల దాక్కోదు కదండీ. బయటే వేలాడతాది. దాని టైమొస్తే అందరికీ కనిపిస్తాది. ముందే లాగితే సొన మొకమ్మీద సిమ్ముతాది. ఎందుకూ, ఆగుదాం. మీ బట్టీకి సెలవెప్పుడు?"

"సోమవారమండి."

"ఐతే మొదటి సోమవారం మూడింటికి రండి. ఆదివారం వద్దు."

ఆవిడ ఎలా చేశారో తరవాత అమ్మాయి చెప్పింది. భోజనాల హాలులో అందరి ముందూ మా అమ్మాయిని నిలబెట్టి, "నీ దుప్పటి మూల నలిగింది. సోమవారం మూడింటికి దుప్పట్ల గదికి రా, మడతలు పెడుదువుగాని," అన్నారట. హాలంతా నవ్విందట. ఆ శిక్షలకి ఆవిడ పెట్టింది పేరు. పిల్లలు వెనకాల ఆవిణ్ణి ఇస్త్రీపెట్టె అనేవారు. బరువూ ఎక్కువ, వేడీ ఎక్కువ అని.

అలా నాలుగేళ్ళు నా కూతుర్ని నేను దుప్పట్ల గదిలో చూసుకున్నాను. కప్పు దాకా అరలు, అరల నిండా తెల్ల దుప్పట్లు, కలరా ఉండల వాసన. ఆవిడ గుమ్మం బయట కుర్చీ వేసుకుని, మాకు వీపు పెట్టి, చిరిగిన దిండు గలీబులు కుట్టుకునేవారు. ఎవరైనా వస్తే దగ్గేవారు. మొదటి రోజు నేను చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. తెల్ల గుడ్డలు కదా.

ఆవిడ తల తిప్పకుండానే, "పని ఏదండీ?" అన్నారు. "శిక్ష అని సెప్పినాను. శిక్షన్నాక పని అవ్వాల. ఒట్టి అబద్ధం నాకు పడదు."

"నా సేతులు నలుపమ్మగారూ."

"ఎండిన మరక అంటదు. పట్టుకోండి."

నిజంగానే అంటలేదు. నేనో చివర, అమ్మాయో చివర. "కొసకి కొస కలపండి, మడత దానంతటదే కూకుంటాది," అనేవారు బయటినుంచి. మొదటి నెల మేమిద్దరం ఒక్క మాటా ఆడుకోలేదు, దుప్పట్లు మాత్రం నలభై మడిచాం. రెండో నెలలో అమ్మాయి దుప్పటి చాటునుంచి అడిగింది.

"నాన్నా, నీకు కోపం రాలేదా?"

"ఎందుకొస్తాదమ్మా. ఆ పిల్లల కాడ నీకో కుర్సీ ఉండాల కదా."

"ఆ కుర్చీ గట్టిది కాదు నాన్నా," అంది.

ఆ రోజునుంచి అక్కడి కథలన్నీ చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ బల్లలో చేరాలంటే ఒక్కొక్కరూ తమ రహస్యం ఒకటి చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. బల్ల వదిలిపోతే ఆ చీటీ హాలులో చదువుతారు. మా పిల్ల ఏం రాసిందో నేను అడగలేదు. ఎవరితో ఎవరు మాట మానేశారు, ఎవరి డైరీ ఎవరు దొంగచాటుగా చదివారు, ఇదంతా నేను ఇంటికెళ్ళి మా ఇంటిదానికి చెప్పాలి. రెండో బస్సు ఎక్కేసరికి సగం మరిచిపోయేవాణ్ణి. "రాసియ్యమ్మా, మీ అమ్మ నన్ను సంపేస్తంది," అన్నాను. మేట్రనమ్మగారు పాత చాకలి పద్దుల పుస్తకంలో వెనక ఖాళీగా ఉన్న కాగితాలు చింపి ఇచ్చారు. మా అమ్మాయి రాసిన మొదటి కథలు ఆ కాగితాల మీదవే. ఇప్పటికీ మా ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

ఆ కాగితాలే పెరిగి పెరిగి ఇంత పుస్తకమయ్యాయి. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల కోసం రాసిందట. నేను వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాను. ఒక్కో చోట ఆగిపోయి వేలు అక్కడే ఉంచి కిటికీలోంచి బయటికి చూస్తుంటాను. మా వీధిలో పెరిగిన పిల్లకి ఇన్ని మనసుల లోపలి సంగతులు ఎలా తెలిశాయి? గేటు దగ్గర ఆదివారం కూడా రాసింది. ఒక్క మాట పొల్లు పోకుండా రాసింది.

శనివారం నేనూ అమ్మాయీ యలమంచిలి వెళ్ళాం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలి కొడుకు ఇంట్లో ఉండేవారు. పాస్టరుగారి ప్రార్థన అయింది. సమాధి దగ్గర జనం పదిమందో పన్నెండుమందో ఉంటారనుకున్నాను. నిలబడడానికి చోటు లేదు. అంతా ఆడపిల్లలు, ఆవిడ దగ్గర పెరిగినవాళ్ళు. ఇప్పుడు కొందరి చంకల్లో వాళ్ళ పిల్లలు.

కిటికీ బల్ల ముగ్గురూ వచ్చారు. పొడుగాటి పిల్లని నేను గుర్తుపట్టాను. ఆమె నన్ను చూసి, ఆలోచించి, "మీరు వాళ్ళ ఫ్యాక్టరీలో..." అంది. నాకు అలవాటుగా కాళ్ళు వెనక్కి పడ్డాయి. "అమ్మాయిగారికి..." అని నోరు కూడా తెరిచాను.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళు అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"మా నాన్న," అంది. "జీడిపిక్కలు కాల్చేవాడు. మాకు ఫ్యాక్టరీ ఎప్పుడూ లేదు. సోమవారాలు నాకు శిక్ష పడేది చూడండి, అది శిక్ష కాదు. దుప్పట్ల గదికి మా నాన్న వచ్చేవాడు."

పొడుగాటి పిల్ల ముఖం పాలిపోయింది. కోపమేమో అనుకున్నాను.

"నాది బుధవారం," అంది.

"నీకూ శిక్షలే కదే," అంది మా అమ్మాయి.

"శిక్ష కాదు. మా అమ్మ వచ్చేది. నాన్న మా అమ్మని గేటు దాటి రానివ్వొద్దని ఆఫీసులో రాసిచ్చాడు. మేట్రనమ్మ వెనక తలుపు తీసేది."

రెండో పిల్ల అంది, "నాది శుక్రవారం. మా అన్న. మా ఇంట్లో వాడి పేరెత్తకూడదు."

మూడో పిల్ల చివరగా, "నాది శనివారం," అంది. "నాకోసం ఎవరూ రాలేదు. ఆవిడే నాతో రెండో కొస పట్టుకునేది."

నాలుగేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నారు, తమ రహస్యాలన్నీ ఒకే డబ్బాలో వేసుకున్నారు. అసలు రహస్యాలన్నీ ఆ ఒక్క గదిలో, ఒకదాని పక్కన ఒకటి, మడతలు పెట్టి ఉన్నాయని ఒక్కరికీ తెలియదు. ఆ గది మా కోసమే అనుకున్నాను నేను. ఇంతమంది చేత ఇస్త్రీపెట్టె అనిపించుకుంటూ ఆవిడ ఒక్క రోజు కూడా నోరు జారలేదు. తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. దేవుడి పని ఇలాగే ఉంటుందేమో, మనకి శిక్షలా కనబడుతూ.

శవపెట్టెకి మూత బిగించి దించేముందు దాని మీద కప్పిన తెల్ల దుప్పటి తీశారు. చెల్లెలి కొడుకు దాన్ని ఉండ చుట్టబోయాడు. నలుగురూ ఒక్కసారే, "అలా కాదు," అన్నారు. నాలుగు మూలలూ పట్టుకుని, దులిపి, కొసకి కొస కలిపి మడిచారు. ఒక్క ముడత లేదు. మా అమ్మాయి ఆ మడత మీద తన పుస్తకం పెట్టి, రెండూ కలిపి పెట్టెలో ఆవిడ పాదాల దగ్గర ఉంచింది.

ఇక చెప్పవలసినవాళ్ళు ఉన్నారు. రెండు కబుర్లూ కలిపే చెప్పాలి. మాకవరపాలెంలో మా అక్కకి, బావగారికి. కృష్ణదేవిపేటలో చిన్న తోడల్లుడికి, ఆయన ఫోనెత్తడు, మనిషి వెళ్ళాలి. యలమంచిలి స్టేషను దగ్గరుండే మేనత్త కోడలికి, పక్క వీధిలో మేట్రనమ్మగారు ఉండేవారని కూడా తెలియదు పాపం. పిల్ల పరీక్షకి కాగితాలు నింపిపెట్టిన మా పెదనాన్న కొడుక్కి. ఆ స్కూల్లో మంగళవారం ఎవరిదో, గురువారం ఎవరిదో, వాళ్ళూ నాకిప్పుడు చుట్టాలే, ఇది చదివితే వాళ్ళకీ చెప్పినట్టే.

ఆఖరున మా ఇంటిది. దానికి చదువు రాదు, పుస్తకం రోజూ నేనే చదివి వినిపిస్తున్నాను. గేటు దగ్గర ఆదివారం నేనేమన్నానో ఇన్నేళ్ళలో దానికి చెప్పలేదు. ఆ పేజీ దాటవేశాను. నిన్న అడిగింది, "ఏటి, మధ్యలో కథ తెగినట్టుంది?" అని. ఇవాళ చెప్పాలి. ఇప్పుడే వసారాలోంచి పిలుస్తోంది, ఆరిన దుప్పటి ఒక కొస చేత్తో పట్టుకుని, బేగి వచ్చి రెండోది పట్టుకోమని.