పెద్దావిడ వడికిన ఆఖరి ఉన్ని

మొన్నీమధ్య చలికాలంలో ఒక ఆదివారం సెలవు దొరికితే బర్ దుబాయ్ బట్టల కొట్ల మధ్య ఊరికే తిరుగుతున్నాను. కొనడానికేమీ లేదు, ముట్టుకుని చూడడం నాకు అలవాటు. ఒక కొట్టు గుమ్మంలో తేనెరంగు శాలువా వేలాడుతుంటే ఆగాను. కొట్టతను లోపలినుంచే “అల్పాకా హై అమ్మా, అసలీ మాల్” అన్నాడు. అంచున వేలాడే పోగు ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి చూసి, ఇది అల్పాకా ఉన్ని కాదు భయ్యా అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతనికి కోపం రాలేదు, నవ్వొచ్చింది. మీ ఇంట్లో పెంచుతున్నారా ఏంటని అడిగాడు. మా ఇంట్లో కాదుగానీ పెంచాం, పదకొండింటిని అన్నాను. పక్క కొట్టతన్ని పిలిచి ఈ మాట చెప్పి మళ్లీ నవ్వాడు. నేనూ నవ్వాను. మెట్రో స్టేషను చేరేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. వేళ్లు మాత్రం లేని పోగును తిప్పుతూనే ఉన్నాయి.

రోగం వచ్చి దారులన్నీ మూసేసిన ఏడాది నేను అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేదాన్ని. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే వాళ్లం యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తాం. బాబా వాళ్లమ్మకి అప్పటికే ఎనభై దాటాయి. ఊళ్లో రోగం తిరుగుతోంది, ముసలి ప్రాణం, నలుగురిలో ఉండొద్దని ఆవిడని ఎడారి అంచున ఉన్న వాళ్ల మజ్రాకి, అంటే తోటకి పంపేశారు. తోడుగా నన్ను పంపారు. రెండు వారాలే అన్నారు. మూడేళ్లున్నాం.

ఆ తోటలో ఖర్జూరం చెట్లున్నాయి, ఖాళీ అయిన ఒంటెల దొడ్డి ఉంది, దాని పక్కన కొత్తగా కట్టిన అల్పాకాల షెడ్డు ఉంది. బాబా ఏదో దేశం వెళ్లినప్పుడు చూసి ముచ్చటపడి తెప్పించుకున్నాడట. పొడుగాటి మెడ, గొర్రెలాంటి ఒళ్లు, నుదుటి మీద పడే జుట్టు కుచ్చు, ఎవరో తిట్టినట్టుండే పెద్ద కళ్లు. ఎండ తగలకుండా వాటికి రాక్షసి ఫ్యాన్లు, నీటి తుంపర చల్లే గొట్టాలు. మా గదిలో ఏసీ ఆగిపోతే బాగుచేయడానికి వారం పట్టేది. వాటి ఫ్యాన్ ఒకటి ఆగితే గంటలో మెకానిక్కు వచ్చి వాలేవాడు. అవి అరవవు. నోరు మూసుకుని, చిన్నపిల్లని జోకొట్టే తల్లిలా మ్మ్, మ్మ్ అని సన్నగా రాగం తీస్తాయి. కోపం వస్తే మాత్రం మొహాన ఉమ్ముతాయి. అన్నిటికన్నా నాకు వింతనిపించిందేమిటంటే పదకొండూ ఒకే మూలకి వెళ్లి, ఒకదాని తరవాత ఒకటి వరసలో నిలబడి పేడ వేసేవి. వాటిని చూసుకునే కడప తమ్ముడు “మా ఊరోళ్లను తీస్కొచ్చి ఒక నెల ఈడ ట్రైనింగ్ ఇప్పించల్లక్కా” అనేవాడు.

ఈ తమ్ముడి సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చుకున్న మనిషి. ఏ అల్పాకా ఏ రోజు ఎంత తిందో పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. నాకు చదువు లేదు. ఊళ్లో వేలిముద్ర, ఇక్కడా వేలిముద్రే. ఒకరోజు ఆ పుస్తకం తలకిందులుగా పట్టుకుని చూస్తుంటే అతని కంటపడ్డాను. నవ్వకుండా సుద్దముక్క తెచ్చి షెడ్డు గోడమీద ‘అ’ రాశాడు. అల్పాకాకి అదే మొదటి అక్షరం. “రోజుకొకటి చాలక్కా, యాడికి పోతావు, దారులన్నీ మూసినారు గదా” అన్నాడు. అలా యాభయ్యో ఏట గడ్డి వాసనలో నాకు అక్షరాలు వచ్చాయి.

పెద్దావిడకి ఆ జంతువులంటే మొదట చిన్నచూపు. ఆవిడ చిన్నప్పుడు గుడారాల్లో పెరిగింది. మేకవెంట్రుక, ఒంటెవెంట్రుక వడికి గుడారం గుడ్డలు నేసినవాళ్లు వాళ్లు. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేది. “గొర్రెకీ అవమానం, ఒంటెకీ అవమానం” అనేది. ఎండలు ముదరకముందే ఉన్ని కత్తిరించేవాళ్లు వచ్చి పదకొండింటినీ బక్కచిక్కిన మేకల్లా చేసి వెళ్లారు. బస్తాల్లో కుక్కిన ఉన్నిని పారేస్తుంటే పెద్దావిడ గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. “నూనె లేదు ఇందులో, జారిపోతుంది” అని సణిగింది. సణుగుతూనే గదిలోకి వెళ్లి పెట్టె అడుగునుంచి కదురు తీసుకొచ్చింది. నల్లబడిన కర్ర, పైన చిన్న కొక్కెం. కాలు చాపుకుని నేలమీద కూర్చుని, కదురును తొడమీద ఒక్క దొర్లింపు దొర్లించి వదిలేసరికి ఆ పొగమంచులాంటి ఉన్నిలోంచి దారం దిగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. పైన అలా గుంజుతూ ఉంటే కిందినుంచి దారం దానంతటదే పుడుతున్నట్టుంది.

మా నరసాపురం వైపు ఆడవాళ్ల చేతిలో ఎప్పుడూ లేసు సూది ఉంటుంది. నేను ఏడేళ్లప్పుడే పట్టాను. నా సంచిలో సూది చూసి పెద్దావిడ “నీకూ ఉందా ఈ జబ్బు?” అంది. ఆ రోజునుంచి సాయంత్రాలు ఆవిడ వడకడం, నేను అల్లడం. ఆవిడకో చెల్లెలుంది, ఫుజైరా కొండల్లో ఉంటుంది. పెళ్లిళ్లు కాకముందు ఇద్దరూ మేకల వెంట తిరుగుతూ పక్కపక్కనే వడికేవారట. రోగం వచ్చాక ఒకరినొకరు చూసుకోలేదు. రోజూ ఫోన్‌లో కొండకి వినిపించేటంత గట్టిగా మాట్లాడుకునేవారు. చెల్లెలికి చూపు దాదాపు పోయింది, మోకాళ్లు చలికి పట్టేస్తున్నాయి. ఆవిడకి ఒక శాలువా పంపాలని పెద్దావిడ పట్టుదల. గోధుమరంగు అల్పాకా ఉన్ని మాత్రమే ఏరి పక్కన పెట్టుకుంది. ఎండాకాలమంతా వడికింది, చలికాలమంతా వడికింది. చివరి దారం చిలపలకి వచ్చేసరికి చేతులు వణికి కదురు మాటిమాటికీ జారిపోయేది. నేను తీసిచ్చేదాన్ని. ఆఖరి చిలప నా ఒళ్లో పెట్టి “ఖలాస్. ఈ చేతులు ఇంక వడకవు. జాగ్రత్తగా అల్లు” అంది.

రెండు నెలలు అల్లాను. అంచుకి కుచ్చులు కట్టాను. మా వైపు లేసు అల్లడంతో పని అయిపోయినట్టు కాదు. సోడా వేసిన వేడినీళ్లలో ఉడకబెట్టి, మురికి పోయేలా పిసికి, గంజి పెట్టి ఆరేస్తేనే అది లేసు. పెద్దావిడ మధ్యాహ్నం పడుకున్న వేళ, లేచేసరికి తళతళలాడాలని, శాలువాని గిన్నెలో వేసి పొయ్యిమీద పెట్టాను. ఉడికాక అరుగుమీద వేసి రెండు చేతులా పిసికాను. నా చేతుల కిందే అది దగ్గరపడుతోంది. మొదట నీళ్లలో ముడుచుకుందనుకున్నాను. విదిలించి పట్టుకుంటే అందులో ఒక్క కుట్టు కూడా విడిగా కనిపించలేదు. మనిషిని చుట్టేటంత శాలువా పీటమీద పరుచుకునే గుడ్డంత అయింది. కంబళిలా మందం. కుచ్చులు మాత్రం, గిన్నె అంచుమీదినుంచి బయటికి వేలాడినవి, అలాగే ఉన్నాయి.

కడప తమ్ముడు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “ఉన్నిని ఎవురన్నా ఉడకబెడ్తారా అక్కా? అది నూలు గాదు గదా!”

“నాకేం తెలుసు తమ్ముడూ, మావైపు గొర్రెల్ని చూడ్డమే గానీ ఉన్ని ఎవరు ఉతికారు?” అని ఏడ్చాను. పని మానిపించి ఊరికి పంపేస్తారన్న భయం ఒకటి. దాన్ని మించింది, ఆ చేతులు ఇంక వడకవన్న సంగతి.

పెద్దావిడ లేచింది. నేను దాన్ని రెండు చేతులతో ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎవరు చెప్పారు నీకు ఉడకబెట్టమని? అదేమన్నా మాంసమా?” అంది. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన టీ తాగేది, కప్పు తిరిగి నాకివ్వకుండా నేలమీద పెట్టేది. మూడో రోజు కదురు తెచ్చి నా ఒళ్లో పడేసి “యల్లా, రా, కూర్చో. నాకు కళ్లున్నాయి, నీకు చేతులున్నాయి” అంది. అప్పటికి మళ్లీ ఉన్ని కత్తిరించే రోజులు వచ్చాయి. ఆ ఏడాది ఆవిడ నన్ను పెట్టిన తిప్పలు మా అమ్మ కూడా పెట్టలేదు. దారం తెగితే చేతిమీద కొట్టేది. లావైతే “ఇది దారమా, ఓడ తాడా?” అనేది. ముడుచుకుపోయిన ఆ శాలువాని మాత్రం పారేయనివ్వలేదు, కుచ్చులు పక్కకి కనబడేలా పరుచుకుని దానిమీదే కూర్చుని నాకు పాఠం చెప్పేది.

రెండో శాలువా చలికాలానికి అయింది. చల్లటి నీళ్లలో పసిబిడ్డకి స్నానం చేయించినట్టు తడిపి ఆరేశాను. దారులు తెరిచారు. చెల్లెలు మనవడి కారులో వచ్చింది. ముఖాన పాతకాలపు ముసుగు, చేతిలో కర్ర. గుమ్మంలోనే అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు తడుముకుని, ఏడ్చి, ఎందుకు ఏడ్చావని దెబ్బలాడుకున్నారు. నేను కాఫీ, ఖర్జూరాలు తెచ్చి పెట్టేసరికి పెద్దావిడ కొత్త శాలువా ఆవిడ ఒళ్లో పెట్టి, నా వంక చూడకుండా “నీకోసం వడికాను” అంది.

నేను తల దించుకున్నాను. చెల్లెలు అంచు పోగుని వేళ్ల మధ్య తిప్పింది. మళ్లీ తిప్పింది. “ఇది నువ్వు వడికింది కాదు. పురి మరీ బిగువుగా ఉంది. ఎవరో భయపడుతూ వడికారు” అంది. ఆవిడ నేలమీద ఆనుకోవడానికి చెయ్యి పెడితే అక్క కింద ఉన్న మందపాటి గుడ్డ తగిలింది. కుచ్చులు తగిలాయి. ఒక కుచ్చు పట్టుకుని ఆగిపోయింది. “ఇదిగో. ఇది నువ్వు. దీని మీద కూర్చుని నాకు ఇంకొకరిది ఇస్తావా?”

“అది పాడైపోయింది. ఈ పిచ్చిది ఉడకబెట్టింది. ముడుచుకుపోయింది” అంది పెద్దావిడ.

“మనిద్దరం ముడుచుకుపోలేదా? లే, నాకియ్యి” అంది చెల్లెలు.

పెద్దావిడ నవ్వింది. నేను వచ్చాక ఆవిడ అలా పడీపడీ నవ్వడం అదొక్కసారే చూశాను. పక్కకి జరిగి దాన్ని తీసి చెల్లెలి మోకాళ్లమీద వేసింది. రెండు మోకాళ్లకీ సరిగ్గా సరిపోయింది. వెళ్లేటప్పుడు కూడా ఆవిడ దాన్ని కారులో ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను వడికింది పెద్దావిడ కప్పుకుంది. బిగువుగా ఉందని రోజూ తిడుతూ, ఆ చలికాలం, తరవాతి చలికాలం కప్పుకుంది. ఆ తరవాత ఆవిడ లేదు. బాబా అల్పాకాల్ని ఇంకెవరి తోటకో ఇచ్చేశాడు, కడప తమ్ముడు అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో చేరాడు, నేను ఇటు దుబాయ్ వచ్చాను.

ఇప్పుడు ఆ మూడేళ్లు గుర్తు చేసుకుంటే పొడుగేమీ మిగల్లేదు. ఎండాకాలాలు, చలికాలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏది ఎప్పుడు జరిగిందో విడదీయలేకపోతున్నాను. కాలం కూడా మనల్ని నాలాగే తెలియక ఉడకబెడుతుందేమో. ఆ మూడేళ్లు ఎంత చిన్నవైపోయినా, చలి వేసినప్పుడు చెయ్యి వాటికోసమే తడుముకుంటుంది.